పెరటి పుంజుల పోట్లాట - నోరులేని జీవి పట్ల మన బాధ్యత

ఫజ్ర్ అజాన్ వినిపించక ముందే మన పెరట్లో పుంజు కూస్తుంది. దాన్ని తిట్టవద్దని, అది మనుషుల్ని నమాజుకు మేల్కొలుపుతుందని దైవప్రవక్త ముహమ్మద్ (స) బోధించినట్లు జైద్ బిన్ ఖాలిద్ (రజి) ఉల్లేఖించారు. ఈ హదీసు అబూ దావూద్ గ్రంథంలో ఉంది. కోడికూత వినబడినప్పుడు అల్లాహ్ అనుగ్రహాన్ని అర్థించమని బుఖారీ, ముస్లిం గ్రంథాల్లోని మరో హదీసు చెబుతోంది. ఇంతటి ప్రస్తావన పొందిన పక్షిని మనం పెరట్లో ఎలా ఉంచుతున్నాం? అది గాయపడిన రోజున దాని విషయంలో ఏం చేస్తున్నాం? ఈ నెల పాఠం దాని గురించే.

పల్లెల్లో, చిన్న పట్టణాల్లో కాపురముండే మన కుటుంబాల్లో చాలామందికి నాలుగైదు కోళ్ళుంటాయి. గుడ్లు పిల్లలకు ఉపయోగపడతాయి. బంధువులొస్తే ఒక పుంజు కూరకు వస్తుంది. చేయి ఇరుకైనప్పుడు ఒక పెట్టను అమ్మితే ఆ వారం గడిచిపోతుంది. వీటిని చూసుకునేది ఎక్కువగా ఇంట్లోని స్త్రీలు, పిల్లలు. కాబట్టి ఈ పాఠాన్ని ఇంటిల్లిపాదీ కూర్చుని చదువుకుంటే మేలు.

ఒక ఇంట జరిగిన సంగతి

మాకు తెలిసిన ఒక ఊళ్ళో రెండిళ్ళ మధ్య తాటాకు దడి ఉండేది. ఇటు ఇంట్లో డేగ పుంజు, అటు ఇంట్లో కాకి పుంజు. రెండిళ్ళవారూ ముస్లింలే, ఒకే మస్జిదుకు వెళ్ళేవారే. ఒక మధ్యాహ్నం కాకి పుంజు దడి కన్నంలోంచి ఇటు దూరింది. రెండూ మెడ ఈకలు నిక్కబొడుచుకుని తలపడ్డాయి. ఇంటి పిల్లలు వాటిని విడదీయలేదు. చుట్టూ చేరి ఈలలు వేశారు, చప్పట్లు కొట్టారు. వాళ్ళ నానీ లోపల జుహర్ నమాజులో ఉంది. ఆమె సలాం చెప్పి పెరట్లోకి వచ్చేసరికి డేగ పుంజుకు ఒక కన్ను పోయింది. కాకి పుంజు తలమీది జుట్టు చీలి రక్తం కారుతోంది, దాని తొడలో ముల్లు దిగిన గాయం ఉంది.

సాయంత్రం మగవాళ్ళు ఇళ్ళకు చేరాక మాటామాటా పెరిగింది. "మీ పుంజే మా పెరట్లోకొచ్చింది" అని వీరు, "మీ పిల్లలే ఉసిగొల్పారు" అని వారు. మర్నాడు మస్జిదులో పక్కపక్కన నిలబడి కూడా ఒకరికొకరు సలాం చెప్పుకోలేదు. రెండు పక్షుల తగవు రెండు కుటుంబాల తగవైంది.

ఆ నానీ మాత్రం ఎవరితోనూ వాదించలేదు. రెండు పుంజుల్నీ వసారాలోకి తెచ్చి వేరువేరు గంపల కింద ఉంచి కట్టు కట్టింది. ఆ తరువాత ఏమైందో పాఠం చివర చూద్దాం. ఆమె చేసిన పనిని మాత్రం ముందు వివరంగా తెలుసుకుందాం.

పుంజులు ఎందుకు పోట్లాడుకుంటాయి?

కోళ్ళ గుంపులో ప్రతి కోడికీ ఒక స్థానం ఉంటుంది. పై స్థానంలోని కోడి ముందు మేత తింటుంది, కింది కోడిని ముక్కుతో పొడిచి పక్కకు నెడుతుంది. నార్వే దేశానికి చెందిన షెల్‌డెరప్ ఎబ్బె అనే శాస్త్రవేత్త 1921లో ఈ వరుసక్రమాన్ని వివరించాడు. మన నానమ్మలు దీన్ని గింజలు చల్లేటప్పుడే కనిపెట్టారు. భూమ్మీది జంతువులు, రెక్కలతో ఎగిరే పక్షులు మనలాంటి సమాజాలేనని దివ్యఖుర్ఆన్‌లోని అన్‌ఆమ్ సూరా 38వ ఆయత్ తెలుపుతోంది. ఆ సమాజపు తీరు తెలిస్తే సగం పోట్లాటల్ని మనం ముందే నివారించవచ్చు.

పోట్లాటకు సాధారణంగా ఇవి కారణాలు:

ఒకటి, ఎదిగిన పిల్లపుంజులు. నాలుగైదు నెలల వయసు రాగానే అవి పెద్ద పుంజు స్థానానికి పోటీపడతాయి.

రెండు, పుంజుల సంఖ్య ఎక్కువ కావడం. ఎనిమిది పది పెట్టలకు ఒక పుంజు చాలు. నాలుగు పెట్టలకు మూడు పుంజులుంటే పోట్లాట తప్పదు. పెట్టల వీపుల మీద ఈకలు రాలి చర్మం కనబడుతుంటే పుంజులు ఎక్కువయ్యాయని గ్రహించాలి.

మూడు, కొత్త కోడి రాక. సంతలో కొన్న పుంజును నేరుగా పెరట్లో వదిలితే పాతది ఊరుకోదు.

నాలుగు, ఇరుకు. ఒకే మేత పళ్ళెం, ఒకే నీళ్ళ చిప్ప, దాక్కోవడానికి చోటులేని గూడు ఉంటే ఓడిన పుంజుకు తప్పించుకునే దారి ఉండదు. ఆరుబయట పుంజుల పోట్లాటలు చాలావరకు ఒకటి వెనక్కి తగ్గడంతో ఆగిపోతాయి. పారిపోయే వీలు లేనప్పుడే అవి ప్రాణం మీదికి వస్తాయి.

విడదీయడం ఎలా?

పోట్లాడుతున్న పుంజుల మధ్య చేతులు పెట్టకూడదు. ఆ వేడిలో పుంజు పెంచిన చేతినీ గుర్తించదు. దాని కాలి వెనుక ముల్లు మన చేతిలో లోతుగా దిగగలదు. పిల్లల ముఖానికి, కళ్ళకు మరీ ప్రమాదం. ముందు పిల్లల్ని దూరంగా పంపాలి. తరువాత చెంబుడు నీళ్ళు చల్లాలి. లేదా గోనెపట్టా, పాత దుప్పటి వాటిమీద వేయాలి. చీకటి కమ్మగానే కోడి శాంతిస్తుంది. ఒకదానిమీద గంప మూసి రెండోదాన్ని ఎత్తుకోవాలి.

కర్రతో కొట్టి విడదీయడం తప్పు. జంతువు ముఖం మీద కొట్టడాన్ని ప్రవక్త (స) వారించినట్లు జాబిర్ (రజి) ద్వారా ముస్లిం గ్రంథంలో ఉంది. కాళ్ళు పట్టుకుని తలకిందులుగా వేలాడదీయడమూ మంచిది కాదు. కోడికి మనకున్నట్లు పొట్టకూ ఛాతీకీ మధ్య అడ్డుపొర ఉండదు. తలకిందులైతే లోపలి అవయవాలు బరువుగా ఒత్తి శ్వాస ఆడదు. గాయపడిన పక్షికి అది రెండో గాయం. రెక్కలు రెండూ ఒంటికి ఆనించి, తువాలులో చుట్టి, రెండు చేతులతో ఎత్తుకోవాలి.

మనకు ముల్లు గుచ్చుకుంటే ఆ చోటును సబ్బుతో, ధారగా పడే నీళ్ళతో పది పదిహేను నిమిషాలు కడగాలి. గాయం లోతైతే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి ధనుర్వాతం సూది అవసరమేమో అడగాలి.

విడదీసిన పుంజులు ఒకదానికొకటి కనబడకుండా ఉంచాలి. కనబడితే గాయాలతోనే మళ్ళీ లేస్తాయి.

గాయాలకు తొలి చికిత్స

మొదట విశ్రాంతి. పోట్లాడిన పుంజు అదిరిపోయి ఉంటుంది. గాలి ఆడే గంప కింద పొడి గడ్డి పరచి, నీడలో, సందడి లేని చోట ఉంచాలి. గంపమీద పలుచని గుడ్డ కప్పితే చాలు. చలికాలమైతే గాలి విసురు తగలకుండా చూడాలి.

రెండోది రక్తం ఆపడం. తలమీది జుట్టులో, గడ్డం కింద వేలాడే ఎర్రటి కండలో రక్తనాళాలెక్కువ. చిన్న చీలికైనా ముఖమంతా రక్తమవుతుంది. చూసి కంగారు పడనక్కరలేదు. శుభ్రమైన గుడ్డతో ఐదు నిమిషాలు, గడియారం చూసి, మధ్యలో తీయకుండా నొక్కి పట్టుకోవాలి. జుట్టు మీది చిన్న గీతలకు, విరిగిన గోళ్ళకు చిటికెడు మొక్కజొన్న పిండి అద్దితే రక్తం గడ్డకడుతుంది. లోతైన గాయాల్లో పిండి గానీ, పసుపు గానీ, బూడిద గానీ కూరకూడదు. లోపల మురికి నిలిచి చీము పడుతుంది.

మూడోది వెదకడం. రక్తం కనిపించేచోటే గాయం ఉందనుకోవద్దు. ముల్లు దిగిన గాయం పైకి చిన్న చుక్కలా ఉండి లోపల లోతుగా ఉంటుంది. ఈకలు పాయలుగా విడదీసి తల వెనుక, ఛాతీ, రెక్కల కింద, తొడలు వరుసగా చూడాలి. గాయం చుట్టూ ఈకల్ని కత్తెరతో కత్తిరించాలేగాని పీకకూడదు. కొత్తగా మొలుస్తున్న ఈక మొదట్లో రక్తం ఉంటుంది, పీకితే ధారకడుతుంది.

నాలుగోది కడగడం. లీటరు నీళ్ళు మరిగించి చల్లార్చి అందులో 9 గ్రాముల ఉప్పు, అంటే సుమారు ఒకటిన్నర టీస్పూన్లు కలపాలి. ఈ నీటిని సూదిలేని సిరంజితో గాయంలోకి మెల్లగా చిమ్మితే మట్టి, ఈక ముక్కలు బయటికొస్తాయి. తరువాత పోవిడోన్ అయోడిన్ మందును పాలు కలపని పలుచని టీ రంగు వచ్చేవరకు నీళ్ళలో కలిపి గాయం మీద అద్దాలి. ఈ కడగడం రోజుకు రెండుసార్లు చేయాలి. కంట్లోకి మాత్రం అయోడిన్ వద్దు, ఉప్పునీరే వాడాలి. కిరోసిన్, సున్నం, కారం పూయడం చికిత్స కాదు, హింస. మన ఇంట్లో మిగిలిన మాత్రలు, నొప్పి తెలియకుండా చేసే మత్తు లేపనాలు కోడికి వాడవద్దు. వాటిలో కొన్ని పక్షి ప్రాణానికే ప్రమాదం.

కట్టు కట్టాల్సి వస్తే ఛాతీచుట్టూ బిగించవద్దు. కోడి రొమ్ము ఎముకను కదిలిస్తూ గాలి పీలుస్తుంది. ఆ కదలిక ఆగితే ఊపిరి ఆగుతుంది.

ఐదోది మేత, నీరు. నీళ్ళ చిప్ప తల వంచితే అందేంత దగ్గరగా పెట్టాలి. మొదటి రోజు ఓఆర్‌ఎస్ కలిపిన నీరు ఇవ్వవచ్చు. నోరు తెరిచి నీళ్ళు పోయకూడదు. కోడి నాలుక మొదట్లోనే గాలిగొట్టం ద్వారం ఉంటుంది, నీరు ఊపిరితిత్తుల్లోకి పోయి చస్తుంది. ముక్కు కొనను నీటిలో తడిపితే తనే తాగుతుంది. తడిపిన తవుడు, మెత్తటి అన్నం, ఉడికించి చిదిమిన గుడ్డు కొద్దికొద్దిగా పెట్టాలి. దెబ్బ తగిలిన ముక్కుతో గట్టి గింజలు తినలేదు.

ఆరోది ఈగల్నుంచి కాపాడటం. మన ఎండల్లో తడి గాయం మీద ఈగలు వాలి గుడ్లు పెడితే ఒకటి రెండు రోజుల్లోనే పురుగులు పడతాయి. గంపమీద దోమతెర కప్పాలి. రోజూ రెట్ట తీసి గడ్డి మార్చాలి. ఉదయం, సాయంత్రం గాయాన్ని వాసన చూడాలి. చెడు వాసన, ఉబ్బు, వేడి ఉంటే లోపల చీము పడుతున్నట్లు. కోడి చీము మనుషుల చీములా కారదు, జున్నుముక్కలా గట్టిపడుతుంది. దాన్ని ఇంట్లో పిండి తీయలేం, డాక్టరే కోసి తీయాలి.

డాక్టరు దగ్గరకు ఎప్పుడు?

నోరు తెరుచుకుని ఊపిరి పీలుస్తున్నా, నోట్లోంచి రక్తం వస్తున్నా, నిలబడలేకపోతున్నా, పొట్ట చీలినా, కన్ను చితికినా ఆలస్యం చేయవద్దు. చర్మం కింద గాలి నిండి బుడగలా ఉబ్బితే ముల్లు లోపలి గాలితిత్తిని తాకిందని అర్థం. అదీ డాక్టరు చూడవలసినదే. మండలంలోని పశువైద్యశాలకు తీసుకువెళ్ళండి, లేదా సంచార పశువైద్యం కోసం 1962 నంబరుకు ఫోన్ చేసి అడగండి. "కోడికి డాక్టరేమిటి" అని ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి.

ఒక కన్ను పోయిన పుంజు బతకగలదు. మేత, నీరు ఎప్పుడూ ఒకే చోట ఉంచితే త్వరలోనే అలవాటు పడుతుంది. పనికిరాదని పారేయవలసిన పనిలేదు.

ఇంకొక హెచ్చరిక. మెడ మెలితిరగడం, కాళ్ళు చచ్చుబడటం కొక్కెర తెగులు లక్షణాలు కావచ్చు. జుట్టు నీలంగా మారి కోళ్ళు ఒక్కసారిగా చనిపోతుంటే బర్డ్ ఫ్లూ అని అనుమానించాలి. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో అది బయటపడిన సంగతి మరచిపోకూడదు. ఇవి పోట్లాట గాయాలు కావు. అలాంటి కోడిని ముట్టుకోకుండా, కోయకుండా పశువైద్యాధికారికి తెలపాలి. మామూలు గాయాలకు చికిత్స చేసేటప్పుడు కూడా చేతులకు తొడుగులు వేసుకుని, తరువాత సబ్బుతో కడుక్కోవాలి.

బతకదనిపిస్తే: హలాల్, హరాం హద్దులు

కొన్నిసార్లు గాయం తీవ్రంగా ఉండి పుంజు బతకదని తెలిసిపోతుంది. అప్పుడు దాన్ని రెండు రోజులు కొట్టుకులాడనివ్వడం దయ కాదు. ప్రాణం ఉండగానే అల్లాహ్ పేరుతో, పదునైన కత్తితో జిబహ్ చేయాలి. జిబహ్ చేసేవాడు కత్తికి పదును పెట్టుకోవాలని, జంతువుకు సుఖం కలిగించాలని ప్రవక్త (స) ఆదేశించినట్లు షద్దాద్ బిన్ ఔస్ (రజి) ఉల్లేఖనం ముస్లిం గ్రంథంలో ఉంది. మిగతా కోళ్ళ కళ్ళెదుట, దాని కళ్ళెదుట కత్తి నూరవద్దు.

ఇక్కడ ఒక మసలా గుర్తుంచుకోవాలి. మాయిదా సూరా మూడో ఆయత్‌లో దెబ్బతిని చచ్చినది, మరో జంతువు పొడవగా చచ్చినది నిషిద్ధాల్లో లెక్కించబడ్డాయి. ప్రాణం ఉండగా జిబహ్ చేసినదానికి మినహాయింపు ఉంది. కాబట్టి పోట్లాటలో చచ్చిపోయిన పుంజు మనకు హలాల్ కాదు, "ఇప్పుడేగా పోయింది, ఒళ్ళు వేడిగానే ఉంది" అన్నా సరే. ప్రాణం ఉండగా జిబహ్ చేశారా, రక్తం పారిందా, కదలిక కనిపించిందా అన్నదే చూడాలి. అనుమానముంటే వదిలేయడమే క్షేమం. ధర చూసుకుని అనుమానాన్ని మింగవద్దు.

మందులు వాడిన కోడి విషయంలో మరో జాగ్రత్త. యాంటీబయోటిక్ వాడాక ఎన్ని రోజులవరకు మాంసం, గుడ్లు తినకూడదో డాక్టరును అడిగి గోడమీద తేదీ రాసుకోవాలి. మన ఆహారం హలాల్‌తో పాటు తయ్యిబ్, అంటే శుద్ధమైనది కూడా కావాలి.

పోట్లాట రాకుండా ఏం చేయాలి?

అదనపు పుంజుల్ని ఐదో నెలలోగా తగ్గించుకోవాలి. కూరకు ఉపయోగించడమో, అమ్మడమో, వేరే గూట్లో ఉంచడమో చేయాలి. పెట్టలు కనిపించని చోట పుంజుల్ని మాత్రమే ఉంచితే చాలావరకు సర్దుకుంటాయి.

మేత, నీరు రెండు మూడు చోట్ల పెట్టాలి. మూలకు ఒక పాత తలుపు ఆనించినా, కట్టెలు పేర్చినా, ఎత్తులో ఒక కర్ర కట్టినా బలహీనమైన కోడికి అదే ఆశ్రయం.

కొత్త కోడిని మూడు నాలుగు వారాలు దూరంగా ఉంచి రోగం లేదని నిర్ధారించుకోవాలి. ఆ తరువాత ఒకటి రెండు వారాలు వలకు అటూ ఇటూ ఉంచి పరస్పరం చూసుకోనివ్వాలి. చివరికి రాత్రి గూటిలో కలపాలి. గాయం మానిన పుంజును తిరిగి కలిపేటప్పుడూ ఇదే పద్ధతి. చాలా రోజులు కనబడకపోతే పాత స్థానం పోతుంది. అందువల్ల గాయం ఆరడం మొదలయ్యాక వలగూట్లో, గుంపుకు కనబడేలా ఉంచడం మంచిది. ఎర్రటి పచ్చి గాయం ఉండగా కలపకూడదు. రక్తం చూస్తే మిగతావీ పొడుస్తాయి.

కాలి ముల్లు మరీ వాడిగా పెరిగితే కొనను మాత్రం ఆకురాయితో అరగదీయవచ్చు. లోపల ఎముక, రక్తం ఉంటాయి కాబట్టి మొదలంటా కోయకూడదు.

ఇది వినోదం కాదు

ఇంతవరకు తమంతట తాము పోట్లాడే పుంజుల గురించి చెప్పుకున్నాం. ఇక మనుషులు పోట్లాడించే సంగతి. జంతువుల్ని ఒకదానిమీదికొకటి ఉసిగొల్పడాన్ని ప్రవక్త (స) నిషేధించినట్లు ఇబ్నె అబ్బాస్ (రజి) ద్వారా అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాల్లో హదీసు ఉంది. ఒకసారి కొందరు కుర్రాళ్ళు ఒక కోడిని కట్టేసి దానిమీద బాణాలు వేస్తుంటే ఇబ్నె ఉమర్ (రజి) చూశారు. ప్రాణమున్నదాన్ని గురిగా చేసుకునేవారిని ప్రవక్త (స) శపించారని చెప్పి వారిని మందలించారు. ఈలలు వేస్తున్న మన పిల్లల్ని ఆపేటప్పుడు ఈ సంఘటన వారికి చెప్పండి.

కోస్తా జిల్లాల్లో సంక్రాంతి దగ్గరపడగానే కాలికి కత్తి కట్టి కోడిపందేలు వేస్తారు. అందులో మూడు దోషాలున్నాయి. జీవహింస ఒకటి, జూదం రెండు, దానిచుట్టూ చేరే మద్యం మూడు. మద్యం, జూదం రెండింటినీ మాయిదా సూరా 90వ ఆయత్ షైతాను పనులుగా పేర్కొని దూరంగా ఉండమంటోంది. దేశ చట్టం కూడా దీన్ని ఒప్పుకోదు. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం జంతువుల్ని ఉసిగొల్పి పోట్లాడించడాన్ని నేరంగా చెబుతోంది. పందెం డబ్బుకు 1974 నాటి ఆంధ్రప్రదేశ్ జూద నిరోధక చట్టం వర్తిస్తుంది. ఆ చట్టాల్ని కఠినంగా అమలు చేయమని 2016లో హైకోర్టు ఆదేశించింది. కత్తి కట్టకుండా, డబ్బు పెట్టకుండా "సరదాకే" వదిలినా ఉసిగొల్పడం ఉసిగొల్పడమే.

పందెంలో ఓడి చచ్చిన కోడిని కోజ అంటారు. దాని మాంసం రుచి అని ఎక్కువ ధర పెట్టి కొంటారు. కత్తిపోటుతో బరిలోనే చచ్చినది ఎంత రుచైనా, ఎవరు ప్రేమగా పంపినా మన పొయ్యి మీదికి రాకూడదు. ఇచ్చినవారిని నొప్పించకుండా మృదువుగా విషయం చెప్పి తిప్పి పంపండి.

ఇక చాలా ఇళ్ళకు నిజంగా ఎదురయ్యే పరీక్ష ఒకటుంది. అసీల్ అనే మాటకు అరబీలో శుద్ధ వంశానికి చెందినది అని అర్థం. ఆ జాతి పుంజు ఒకటి ఇంట్లో పెరుగుతుంది. జనవరికి ముందు బేరగాడు వచ్చి మాంసం ధరకు ఎన్నో రెట్లు ఇస్తానంటాడు. ఇంట్లో పిల్ల ఫీజు కట్టాలి, ఇంటికప్పు మరమ్మతుకొచ్చింది. "నేను అమ్మేది కోడిని. తరువాత అతనేం చేస్తే నాకెందుకు?" అనిపిస్తుంది. ఈ ఆలోచన వచ్చినవారిని నిందించడం తేలిక, వారి స్థానంలో నిలబడటం కష్టం. అయినా ధర్మం చెప్పకతప్పదు. పాపంలో, దౌర్జన్యంలో సహకరించుకోవద్దని మాయిదా సూరా రెండో ఆయత్ ఆదేశం. సారా కాచేవాడని తెలిసి అతనికి ద్రాక్షలు అమ్మకూడదని ధర్మవేత్తలు ఇందుకు పోలిక చెప్పారు. పందేనికే కొంటున్నాడని తెలిసినప్పుడు ఆ ఎక్కువ ధర కోడికి ఇస్తున్నది కాదు, దాని చావుకు ఇస్తున్నది. తెలియనప్పుడు కొనేవాణ్ణి అనుమానించి వేధించనక్కరలేదు. అదే పుంజును పిల్లలు తీయించడానికి ఉంచుకుంటే ఆ జాతి గుడ్లు, పిల్లలు అమ్మి ఏడాది పొడుగునా కొంత రాబడి పొందవచ్చు. లాభం తగ్గుతుంది, నిజమే. అల్లాహ్ కోసం వదిలిన లాభం వృథా పోదన్నది మన విశ్వాసం.

పొరుగువారి హక్కు

పెరటి కోళ్ళ విషయంలో ఇరుగుపొరుగు తగవులు మనకు కొత్త కాదు. పొరుగువారి గురించి జిబ్రీల్ (అలై) పదేపదే తాకీదు చేస్తుంటే, వారిని వారసులుగా చేస్తారేమో అనిపించిందని ప్రవక్త (స) చెప్పినట్లు బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. మన పుంజు పోట్లాటమారిదని తెలిసీ వదిలేస్తే, పక్కింటి కోడికి జరిగే నష్టానికి మనం జవాబుదారులమనే భావన ఉండాలి. దడి కన్నం ఎవరివైపు ఉందని వాదించే సమయంలో కన్నం పూడ్చవచ్చు. పక్కింటి కోడి గాయపడితే ముందు దానికి నీళ్ళు పెట్టి, తరువాత వారికి కబురు పంపండి.

ఇప్పుడు మొదట చెప్పిన సంగతికి వద్దాం. నానీ పదిరోజులపాటు రెండు పుంజులకూ ఉప్పునీటితో గాయాలు కడిగింది. ఆ పనిలో ఈలలు వేసిన మనుమణ్ణే తోడు పెట్టుకుంది. నీళ్ళు కాచడం, గడ్డి మార్చడం, ఈగలు తోలడం వాడి వంతు. డేగ పుంజు కన్ను తిరిగి రాలేదు. మేత గిన్నె ఎటువైపు పెడితే అది తలతిప్పకుండా తినగలదో వాడే కనిపెట్టాడు. పదకొండో రోజు అస్ర్ తరువాత కాకి పుంజును తువాలులో చుట్టి వాడిచేతే పక్కింటికి పంపింది. వాడు గుమ్మం ముందు నిలబడి సలాం చెప్పాడు. "మేమే ఉసిగొల్పాం చాచా, తప్పైంది" అన్నాడు. ఆ ఇంటాయన పుంజును అందుకుని తొడ గాయం చూశాడు. కాసేపటికి "లోపలికి రా బేటా" అన్నాడు. మర్నాడు రెండిళ్ళ మగవాళ్ళూ కలిసి దడి కట్టారు.

ఒక పిల్లిని కట్టేసి తిండిపెట్టక చంపినందుకు శిక్ష పొందిన స్త్రీ, దాహంతో ఉన్న కుక్కకు నీరు తాపి క్షమాభిక్ష పొందిన వ్యక్తి - ఈ ఇద్దరి గురించీ మనం చిన్నప్పటినుంచి వింటున్నాం. ఆ రెండు హదీసులు మన పెరట్లోకి ఎప్పుడు వస్తాయో తెలియదు. గాయపడిన పుంజు రూపంలో రావచ్చు. నోరులేని ఆ జీవి ఎవరికీ ఫిర్యాదు చేయలేదు. దాని యజమాని మనం, మన యజమాని అల్లాహ్.

ఇంట్లో చర్చించుకోండి

1. మన పెరట్లో పెట్టలెన్ని, పుంజులెన్ని? ఆ నిష్పత్తి సరిగా ఉందా?

2. పుంజులు తలపడితే పిల్లలు ముందుగా ఏం చేయాలి, ఏం చేయకూడదు?

3. పోట్లాటలో చచ్చిన కోడికీ, ప్రాణముండగా జిబహ్ చేసిన కోడికీ తేడా ఏమిటి?

4. పందేనికని తెలిసి ఎక్కువ ధరకు అడిగితే మన ఇంటి జవాబు ఏమిటి? ఆ జవాబును ఇప్పుడే నిర్ణయించుకుందామా?

5. కోళ్ళ వల్లగానీ మరి దేనివల్లగానీ సలాం ఆగిపోయిన పొరుగువారెవరైనా ఉన్నారా?

అల్లాహ్ తన సృష్టి పట్ల కరుణ చూపే హృదయాన్ని, హలాల్ సంపాదనలో తృప్తిని, పొరుగువారితో సఖ్యతను మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.